లిబ్‌ఎస్ఎస్ఎల్ 1.1 కనపడట్లేదా? సిమ్‌లింక్ పెట్టకండి, ఇలా చేయండి

ఎల్ఎన్ -ఎస్ (ఒక ఫైలుకి ఇంకో పేరుతో దారి చూపే సిమ్‌లింక్ పెట్టే కమాండ్) కొట్టబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి. లిబ్‌ఎస్ఎస్ఎల్ అంటే ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఫైలు. ఉబుంటు లినక్స్ 20.04 నుంచి 22.04కి ఎక్కాక ఏదో ఒక ప్రోగ్రాం లేవకుండా "లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.1.1 అనే ఫైలు లేదు" అని మొరాయించడం, మనం వెతికితే లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.3 కళ్లముందే కనపడడం, దీనికే పాత పేరు తగిలించి ఒక సిమ్‌లింక్ పెట్టేస్తే పోలా అనిపించడం, ఇదంతా అందరికీ జరిగేదే. నాతో పనిచేసే కుర్రాడు ఒక క్లయింట్ బిల్లింగ్ సర్వర్‌లో అర్ధరాత్రి సరిగ్గా అదే చేసి నాకు ఫోన్ చేశాడు. "అన్నా, ఎర్రర్ మారింది!" అన్నాడు, గొంతులో కాస్త సంతోషం కూడా ఉంది. మారిన ఎర్రర్ ఏంట్రా అంటే చదివాడు: ఫైలు దొరికింది గానీ అందులో "ఓపెన్ఎస్ఎస్ఎల్_1_1_0 అనే వెర్షన్ లేదు" అట. గుమ్మం మీద నేమ్ బోర్డు మార్చాడంతే, ఇంట్లో ఉంటున్నది కొత్తవాళ్లే.

ఇక్కడ కమాండ్లన్నీ ఫోన్‌లో చెప్పినట్టు పలికే తీరులోనే రాస్తున్నాను, మీరు టెర్మినల్‌లో మామూలుగా ఇంగ్లీష్ అక్షరాల్లో కొట్టుకోండి.

అసలు జరిగిందేంటంటే, ఉబుంటు 20.04లో ఉన్నది ఓపెన్ఎస్ఎస్ఎల్ 1.1.1. 22.04లో 3.0.2 వచ్చింది, 24.04లో 3.0.13. డెబియన్ 12, రెడ్‌హ్యాట్ 9 కూడా 3.0కే మారాయి. (2 అనే నంబర్ మధ్యలో లేనేలేదు, దాని కోసం వెతక్కండి.) 3.0 విడుదలైంది 2021 సెప్టెంబర్‌లో, 1.1.1కి ఉచిత సపోర్టు ఆగిపోయింది 2023 సెప్టెంబర్ 11న. లైబ్రరీ ఫైలు పేరు చివర ఉన్న 1.1 గానీ 3 గానీ అలంకారానికి పెట్టింది కాదు. లోపలి ఫంక్షన్లు పాత ప్రోగ్రాములకు సరిపడనంతగా మారినప్పుడే ఆ నంబర్ మారుస్తారు. ప్రోగ్రాం కంపైల్ అయినప్పుడే "నాకు 1.1 కావాలి" అని దాని ఒంట్లో రాసి ఉంటుంది, పైగా ఒక్కో ఫంక్షన్‌కీ ఏ వెర్షన్ ముద్ర ఉండాలో కూడా రాసి ఉంటుంది. అందుకే సిమ్‌లింక్ మొదటి గేటు దాటించి రెండో గేటు దగ్గర పట్టుబడిపోయింది. మీరు ఇప్పటికే పెట్టేసి ఉంటే ముందు దాన్ని తీసేయండి, లేకపోతే మూడు నెలల తర్వాత ఇంకొకరు వచ్చి ఆ ఫైలు చూసి 1.1 ఉందనే అనుకుంటారు.

ఇంకా అప్‌గ్రేడ్ చేయలేదా? అయితే మీ అదృష్టం, పని సగం తేలిక. ఏప్ట్ (ఉబుంటు సొంత ప్యాకేజీ మేనేజర్) ద్వారా వచ్చిన ప్యాకేజీల సంగతి ఏప్ట్ చూసుకుంటుంది, ఆగిపోయేవి దాదాపు ఎప్పుడూ బయటి నుంచి తెచ్చి /ఆప్ట్‌లోనో /యూఎస్ఆర్/లోకల్‌లోనో పడేసినవే. వాటిని పట్టుకోవడానికి సర్వీసులన్నీ నడుస్తుండగా ఇది కొట్టండి: సుడో గ్రెప్ -ఎల్ లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.1.1 /ప్రాక్/*/మ్యాప్స్. ఇప్పుడు ఆ లైబ్రరీని మెమరీలో పట్టుకుని ఉన్న ప్రాసెస్‌ల నంబర్లన్నీ వచ్చేస్తాయి. ఒక్కో నంబర్‌కి ఎల్ఎస్ -ఎల్ /ప్రాక్/నంబర్/ఎక్స్ఈ అంటే అసలు ప్రోగ్రాం ఎక్కడుందో తెలుస్తుంది, ఆ దారిని డీపీకేజీ -ఎస్ (ఎస్ పెద్దక్షరం) కి ఇస్తే ఏ ప్యాకేజీదో చెబుతుంది. ఏ ప్యాకేజీదీ కాదు అని వచ్చిందంటే దాని బాధ్యత మీదే, కాగితం మీద రాసుకోండి. బయటి రిపాజిటరీ నుంచి వేసిన ప్యాకేజీలనూ ఈ లిస్టులో కలపండి, ఎందుకంటే రిలీజ్ అప్‌గ్రేడ్ జరిగేటప్పుడు బయటి రిపాజిటరీలను ఆపేస్తుంది, వాటిని మళ్లీ ఎనేబుల్ చేయడం మన పనే.

ఎల్‌డీడీ (ప్రోగ్రాంకి ఏ లైబ్రరీలు కావాలో చూపే కమాండ్) సరిపోదా అని అడుగుతారు. చాలాసార్లు సరిపోతుంది, కానీ రెండు తంటాలున్నాయి. ఒకటి, కొన్ని ప్రోగ్రాములు లైబ్రరీని స్టార్ట్ అయ్యాక, అవసరం పడ్డప్పుడు లోడ్ చేసుకుంటాయి, డాట్‌నెట్ అలాంటిదే, అవి ఎల్‌డీడీకి చిక్కవు. రెండు, ఎల్‌డీడీ ఒక్కోసారి ఆ ప్రోగ్రాంనే నడిపి చూస్తుంది, కాబట్టి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ఫైలు మీద కొట్టకండి. దానికి రీడ్‌ఎల్ఫ్ -డి కొట్టి నీడెడ్ అని ఉన్న లైన్లు చూస్తే చాలు, ఏమీ రన్ అవ్వదు.

స్నాప్‌షాట్ (సర్వర్ మొత్తానికి ఉన్నదున్నట్టు కాపీ) తీయండి అని వేరే చెప్పక్కర్లేదనుకుంటా. చెప్పాల్సింది ఏంటంటే, ఆ స్నాప్‌షాట్ నుంచి ఇంకో మెషిన్ లేపి అప్‌గ్రేడ్‌ని ముందుగా దాని మీద చేసి చూడండి. 20.04 నుంచి నేరుగా 24.04కి దూకడం కుదరదు, 22.04 మీదుగానే వెళ్లాలి, కాబట్టి రెండుసార్లు ఆగి చెక్ చేసుకునే అవకాశం ఎలాగూ ఉంది.

సరే, అప్‌గ్రేడ్ అయిపోయింది, సర్వీస్ లేవట్లేదు, మేనేజర్ వెనకాల నిలబడ్డాడు. టెన్షన్ పడి కనపడిన కమాండ్ అల్లా కొట్టకుండా ముందు జర్నల్‌సీటీఎల్ -యు సర్వీస్‌పేరు తెరిచి ఎర్రర్ పూర్తిగా చదవండి. మూడు రకాల్లో ఒకటి ఉంటుంది: లైబ్రరీ ఫైలే లేదు, లైబ్రరీ ఉంది గానీ పాత అల్గారిథం వాడనని అంటోంది, లేదా మన దగ్గర అంతా బాగానే ఉండి అవతలి సర్వర్ పాతది. ఈ మూడింటికీ మందులు వేరు. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే పని చేయకపోగా సెక్యూరిటీ పోతుంది.

ఫైలే లేనప్పుడు మొదట చూడాల్సింది ఆ ప్రోగ్రాంకి కొత్త వెర్షన్ ఉందా అని. పెద్ద పెద్దవాటికి ఉన్నాయి: డాట్‌నెట్ కోర్ 3.1 ఓపెన్ఎస్ఎస్ఎల్ 3తో పనిచేయదు, డాట్‌నెట్ 6 నుంచి పనిచేస్తుంది. రూబీ 3.1 నుంచి, పీహెచ్‌పీ 8.1 నుంచి ఇబ్బంది లేదు. సోర్స్ మీ దగ్గరే ఉంటే 22.04లో మళ్లీ కంపైల్ చేయండి, సాధారణంగా అదొక్కటే సరిపోతుంది, పాత ఫంక్షన్లు వాడినచోట వార్నింగులు వస్తాయి గానీ కంపైల్ ఆగదు. పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లు కూడా అప్‌గ్రేడ్‌కి పడిపోతాయి, కానీ దానికి కారణం ఓపెన్ఎస్ఎస్ఎల్ కాదు. 20.04లో పైథాన్ 3.8, 22.04లో 3.10, 24.04లో 3.12. పాత ఫోల్డర్‌ని రిపేర్ చేస్తూ కూర్చోకండి, తుడిచేసి రిక్వైర్‌మెంట్స్ ఫైలు నుంచి కొత్తది కట్టుకోండి, పది నిమిషాల పని.

అసలు కష్టం కొత్త వెర్షన్ లేని ప్రోగ్రాంతోనే, ఆ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లాంటిది, అమ్మినవాళ్లు ఫోన్ ఎత్తరు, సోర్స్ మన దగ్గర ఉండదు. ఇంటర్నెట్‌లో ఎక్కువమంది చెప్పేది 20.04 నాటి లిబ్‌ఎస్ఎస్ఎల్ 1.1 డెబ్ ఫైలు (ఉబుంటు ప్యాకేజీ) తెచ్చి డీపీకేజీ -ఐ కొట్టమని. పనిచేస్తుంది, కొత్త లైబ్రరీతో గొడవ కూడా పడదు, పేర్లు వేరు కదా. కానీ అలా చేస్తే ఆ పాత లైబ్రరీ సిస్టమ్ మొత్తానికీ అందుబాటులోకి వస్తుంది, రేపు ఇంకెవరో ఇంకో పాత ప్రోగ్రాం తెచ్చి పెడితే అది కూడా నోరు మూసుకుని దాన్నే పట్టుకుంటుంది, మనకు తెలియను కూడా తెలియదు. 20.04కి మామూలు సపోర్టు 2025 మేతో ఆగిపోయింది కాబట్టి ఆ ఫైలుకి ఇక మామూలు దారిలో ప్యాచ్‌లు రావు.

నేను చేసేది ఇది. డెబ్ ఫైలుని ఇన్‌స్టాల్ చేయను, డీపీకేజీ -ఎక్స్‌తో ఒక తాత్కాలిక ఫోల్డర్‌లోకి విప్పుతాను. అందులోంచి రెండే రెండు ఫైళ్లు, లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.1.1, లిబ్‌క్రిప్టో.ఎస్ఓ.1.1, తీసి /ఆప్ట్/బిల్లింగ్/లిబ్ లాంటి, ఆ ప్రోగ్రాం సొంత ఫోల్డర్‌లో పెడతాను. తర్వాత సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ బిల్లింగ్ అని కొట్టి, సర్వీస్ అనే భాగం కింద ఎన్విరాన్‌మెంట్ లైన్‌లో ఎల్డీ_లైబ్రరీ_పాత్‌కి (లైబ్రరీల కోసం ముందు ఎక్కడ వెతకాలో చెప్పే వేరియబుల్) ఆ ఫోల్డర్ దారి ఇచ్చి రీస్టార్ట్. ఇలా అయితే పాత లైబ్రరీ ఆ ఒక్క సర్వీస్‌కే కనపడుతుంది. రెండు ఫైళ్లే అని ఊరికే అనలేదు, పనిలో పని అని 20.04 మెషిన్‌లోని లైబ్రరీ ఫోల్డర్ మొత్తం తెచ్చి అక్కడ కుమ్మరిస్తే, ఆ సర్వీస్ లోపల నుంచి కర్ల్‌నో టార్‌నో పిలిచినప్పుడు అవి కూడా అదే దారిలో వెతికి పాత లిబ్‌సీని (దాదాపు ప్రతి ప్రోగ్రాం వాడే మూల లైబ్రరీ) పట్టుకుని కుప్పకూలతాయి. అన్నట్టు ఈ వేరియబుల్‌ని బ్యాష్‌ఆర్సీలో గానీ /ఈటీసీ/ఎన్విరాన్‌మెంట్‌లో గానీ పెట్టకండి.

ఇంతకంటే శుభ్రమైన దారి కంటైనర్ (మిగతా సిస్టమ్‌తో కలవకుండా తన లైబ్రరీలతో తాను నడిచే డబ్బా): 20.04 ఇమేజ్‌లో ఆ ప్రోగ్రాంని పెట్టి, బయటి ప్రపంచానికి ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌ని కాపలా పెట్టి, టీఎల్ఎస్ (హెచ్‌టీటీపీఎస్ వెనకున్న ఎన్‌క్రిప్షన్) అంతా కొత్త ఓపెన్ఎస్ఎస్ఎల్ ఉన్న హోస్ట్ దగ్గరే తేల్చుకోవడం. ఇంటర్నెట్‌కి ఎదురుగా ఉన్న సర్వీస్ అయితే నేను దీనికే ఓటేస్తాను. లోపలి నెట్‌వర్క్‌లో ఇద్దరు ముగ్గురు వాడే ప్రోగ్రాం అయితే ఫోల్డర్ పద్ధతి చాలు.

జీలిబ్‌సీ (ఇందాకటి లిబ్‌సీ ఇదే) గురించి ఒక్క ముక్క. "జీలిబ్‌సీ_2.34 వెర్షన్ దొరకలేదు" అని వస్తే అది తిరగబడ్డ కేసు, కొత్త మెషిన్‌లో కంపైల్ చేసిన ప్రోగ్రాం పాత మెషిన్‌లో పెట్టారని అర్థం (20.04లో ఉన్నది 2.31, 22.04లో 2.35). మీ సర్వర్లలో అన్నిటికంటే పాతది ఏదో దాని మీద బిల్డ్ చేయండి. లిబ్‌సీ ఫైలుని మాత్రం చేత్తో మార్చకండి, మారిస్తే ఎల్ఎస్ కూడా పనిచేయదు, రెస్క్యూ డిస్క్ వెతుక్కోవాలి.

ఇక రెండో రకం, లైబ్రరీ ఉండి కూడా ఒప్పుకోకపోవడం. ఓపెన్ఎస్ఎస్ఎల్ 3లో అల్గారిథమ్‌లను ప్రొవైడర్లు అనే గుంపులుగా విడగొట్టారు. ఎండీ4, ఆర్సీ4, ఆర్సీ2, డెస్, బ్లోఫిష్ లాంటి పాతవాటిని లెగసీ అనే గుంపులో పడేశారు, అది మామూలుగా లోడ్ అవ్వదు. దీని దెబ్బ ఎక్కువగా తగిలేది రెండు చోట్ల.

ఒకటి నోడ్ (జావాస్క్రిప్ట్ నడిపే నోడ్.జేఎస్). ఇది ఓపెన్ఎస్ఎస్ఎల్‌ని తనతోనే మోసుకొస్తుంది, నోడ్ 17 నుంచి అది 3. "డిజిటల్ ఎన్వలప్ రొటీన్స్ అన్‌సపోర్టెడ్" అని, ముందు 0308010సి అనే నంబర్‌తో వస్తే అది నూటికి తొంభైసార్లు పాత వెబ్‌ప్యాక్ 4 (జావాస్క్రిప్ట్ ఫైళ్లను కట్టగట్టే టూల్) పనే. ఫైళ్లకు పేర్లు పెట్టుకోవడానికి అది ఎండీ4 వాడుతుంది. విచిత్రం ఏంటంటే అక్కడ సెక్యూరిటీ ప్రసక్తే లేదు, ఊరికే పేరు కోసం. వెబ్‌ప్యాక్ 5కి వెళ్లడమే సరైన మందు. ఇవాళ రాత్రికి బిల్డ్ అవ్వాలంటే నోడ్_ఆప్షన్స్‌లో --ఓపెన్ఎస్ఎస్ఎల్-లెగసీ-ప్రొవైడర్ ఇవ్వండి, అదీ బిల్డ్ కమాండ్ ముందు మాత్రమే. దాన్ని గ్లోబల్‌గా పెట్టేస్తే, నోడ్ 16 వాడే ఇంకో ప్రాజెక్టు ఈ ఆప్షన్ చెల్లదని స్టార్టింగ్‌లోనే ఆగిపోతుంది, అప్పుడు దానికి కారణం వెతకడానికి ఇంకో పూట.

రెండోది పీఎఫ్ఎక్స్ ఫైళ్లు (సర్టిఫికెట్, ప్రైవేట్ కీ కలిపి దాచేవి). ఎప్పుడో విండోస్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసిన సంతకం సర్టిఫికెట్ ఉంటుంది, పాస్‌వర్డ్ సరిగ్గానే ఇస్తాం, తెరుచుకోదు, ఎర్రర్‌లో ఎక్కడో ఆర్సీ2-40 అని ఉంటుంది. దీనికి సిస్టమ్‌లో ఏమీ మార్చక్కర్లేదు, ఫైలునే కొత్త పద్ధతిలోకి మార్చుకోవాలి: ఓపెన్ఎస్ఎస్ఎల్ పీకేసీఎస్12 కమాండ్‌కి -లెగసీ, -నోడ్స్ తగిలించి పెమ్ ఫైలుగా తీయండి, మళ్లీ అదే కమాండ్‌కి -ఎక్స్‌పోర్ట్ ఇచ్చి ఆ పెమ్ నుంచి కొత్త పీఎఫ్ఎక్స్ చేయండి. మధ్యలో వచ్చే పెమ్ ఫైలులో ప్రైవేట్ కీ తాళం లేకుండా ఉంటుంది, దాన్ని /డెవ్/షెమ్ లాంటి ర్యామ్‌లో ఉండే ఫోల్డర్‌లో చేసి పని అవ్వగానే తీసేయండి, డౌన్‌లోడ్స్‌లో వదిలేయకండి. కొత్త పీఎఫ్ఎక్స్‌ని పాత విండోస్ సర్వర్లు తెరవలేకపోవచ్చు, కాబట్టి పాతది కూడా జాగ్రత్తగా దాచండి.

కోడ్ మార్చలేం, లెగసీ ప్రొవైడర్ ఆన్ చేయక తప్పదు అనుకునే కేసులో ఒక గొయ్యి ఉంది, నేను పడ్డాను కాబట్టి చెబుతున్నాను. ఓపెన్ఎస్ఎస్ఎల్.సీఎన్ఎఫ్ అనే సెట్టింగుల ఫైల్లో లెగసీ సెక్షన్ రాసి యాక్టివేట్ = 1 పెట్టి సంబరపడ్డాను, ఆ తర్వాత హెచ్‌టీటీపీఎస్ మొత్తం పడిపోయింది. ఎందుకంటే ఏ ప్రొవైడర్‌నీ పేరు పెట్టి ఆన్ చేయనంతవరకే డిఫాల్ట్ ప్రొవైడర్ దానంతటదే వస్తుంది. ఒక్కదాన్ని పేరు పెట్టి పిలిచామా, ఇక డిఫాల్ట్‌ని కూడా పేరు పెట్టి పిలవాల్సిందే. ఆ ఫైల్లో డిఫాల్ట్ సెక్షన్ కింద యాక్టివేట్ = 1 లైన్ ముందు హ్యాష్ ఉంటుంది, అది తీయాలి. ఇంకా మంచిది, /ఈటీసీలోని అసలు ఫైలుని ముట్టుకోకుండా దాని కాపీ ఒకటి ప్రోగ్రాం ఫోల్డర్‌లో పెట్టుకుని, ఆ ఒక్క సర్వీస్‌కి ఓపెన్ఎస్ఎస్ఎల్_కాన్ఫ్ అనే వేరియబుల్‌తో ఆ కాపీని చూపించండి. అప్పుడు మీరు చేసిన తప్పు కూడా ఆ సర్వీస్ వరకే ఉంటుంది.

మూడో రకంలో మన తప్పేం ఉండదు. అవతల ఏదో పాత సర్వర్, పాత స్విచ్, పాత ప్రింటర్. "అన్‌సేఫ్ లెగసీ రీనెగోషియేషన్ డిసేబుల్డ్" అని వచ్చిందంటే, 2009లో బయటపడి 2010లో ప్రమాణం మార్చి సరిచేసిన లోపాన్ని అవతలివాళ్లు ఇప్పటికీ సరిచేసుకోలేదని అర్థం. "డీహెచ్ కీ టూ స్మాల్", "ఈఈ కీ టూ స్మాల్" అంటే వాళ్ల కీ పొట్టిది, ఉబుంటు సెక్యూరిటీ లెవెల్ 2లో ఆర్ఎస్ఏ కీ కనీసం 2048 బిట్లు ఉండాలి. ముందు ఓపెన్ఎస్ఎస్ఎల్ ఎస్_క్లయింట్‌తో ఆ సర్వర్‌కి కనెక్ట్ అయి నిర్ధారించుకోండి, -లెగసీ_సర్వర్_కనెక్ట్ ఇస్తే కలుస్తోందా, లేక సైఫర్ దగ్గర డిఫాల్ట్:@సెక్‌లెవెల్=0 ఇస్తే కలుస్తోందా అని విడివిడిగా చూడండి. ఏది ఇస్తే కలిసిందో అదొక్కటే ఇందాక చెప్పిన కాపీ ఫైల్లో పెట్టండి. 22.04లోని 3.0.2కి ఆ ఆప్షన్ పేరు అన్‌సేఫ్‌లెగసీరీనెగోషియేషన్, 24.04లో అన్‌సేఫ్‌లెగసీసర్వర్‌కనెక్ట్ అని ఇంకొంచెం ఇరుకైనది కూడా ఉంది, అదే వాడండి. సెక్యూరిటీ లెవెల్‌ని సిస్టమ్ మొత్తానికి సున్నా చేసేసి "సాల్వ్డ్" అని రాసేవాళ్లు చాలామంది కనపడతారు. గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే. రెడ్‌హ్యాట్ 9లో క్రిప్టో పాలసీని లెగసీకి మార్చేయడమూ అంతే.

ఎస్ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న మెషిన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) సంగతీ ఇలాంటిదే. 22.04లో ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 8.9 ఉంది, 8.8 నుంచే ఎస్ఎస్‌హెచ్-ఆర్ఎస్ఏ అనే పాత సంతకం పద్ధతిని ఆపేశారు. ఇది చూసి ఆర్ఎస్ఏ కీలే పనికిరావని అన్నీ పారేసేవాళ్లున్నారు, అక్కర్లేదు, పోయింది ఎస్‌హెచ్ఏ-1తో చేసే సంతకం మాత్రమే, అదే కీతో ఎస్‌హెచ్ఏ-2 సంతకం 2016 నుంచే నడుస్తోంది. పాత స్విచ్‌లోకి వెళ్లాలంటే మీ ఎస్ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో ఆ స్విచ్ పేరుతో హోస్ట్ బ్లాక్ రాసి, హోస్ట్‌కీఅల్గారిథమ్స్, పబ్‌కీయాక్సెప్టెడ్‌అల్గారిథమ్స్ రెండిటికీ +ఎస్ఎస్‌హెచ్-ఆర్ఎస్ఏ ఇవ్వండి. హోస్ట్ దగ్గర స్టార్ పెట్టారో, గొడ్డలి మళ్లీ వచ్చినట్టే.

రెండు చిన్న సంగతులు, వీటి మీద ఆఫీసులో వాదనలు ఎక్కువ. ప్యాచ్ వేసినంత మాత్రాన నడుస్తున్న ప్రోగ్రాం కొత్త లైబ్రరీకి మారదు, పాతదాన్నే మెమరీలో పెట్టుకుని ఉంటుంది. /ప్రాక్/*/మ్యాప్స్‌లో లిబ్‌ఎస్ఎస్ఎల్ పక్కన డిలీటెడ్ అని కనపడే ప్రాసెస్‌లన్నీ అలాంటివే, రీస్టార్ట్ చేయాలి. నీడ్‌రీస్టార్ట్ అనే ప్రోగ్రాం ఈ పనే చేస్తుంది. ఇంకోటి, 22.04లో ఎన్ని ప్యాచ్‌లు వేసినా ఓపెన్ఎస్ఎస్ఎల్ వెర్షన్ అని కొడితే "3.0.2, 15 మార్చి 2022" అనే చూపిస్తుంది. ఆడిట్ టీమ్ స్కానర్ అది చూసి ఎర్ర జెండా ఎగరేస్తుంది, మనవాళ్లు కంగారుపడి సోర్స్ నుంచి కొత్తది కంపైల్ చేసి సిస్టమ్ మీద పోస్తారు, అక్కడ మొదలవుతుంది అసలు నాశనం. ఉబుంటు వాళ్లు వెర్షన్ మార్చకుండా ప్యాచ్‌ని మాత్రమే వెనక్కి తెచ్చి అతికిస్తారు. డీపీకేజీ -ఎల్ లిబ్‌ఎస్ఎస్ఎల్3 కొడితే 3.0.2 తర్వాత ఉబుంటు1 పక్కన చుక్క పెట్టి ఇంకో నంబర్ ఉంటుంది, పెరిగేది అది. ఏప్ట్ ఛేంజ్‌లాగ్‌లో ఆ లోపానికి ఇచ్చిన సీవీఈ నంబర్ వెతికి ఆడిట్ వాళ్లకు స్క్రీన్‌షాట్ పంపండి, ఒప్పుకుంటారు.

ఇంతకీ ఆ బిల్లింగ్ సర్వర్. ఫోల్డర్ పద్ధతిలోనే లేపాం, ఓవర్‌రైడ్ ఫైల్లో (సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో రాసినది) పైన ఒక కామెంట్ రాయించాను: ఎందుకు పెట్టాం, ఎవరు పెట్టారు, ఏ తేదీకి తీసేయాలి. ఏడెనిమిది నెలలకు అమ్మినవాళ్లు కొత్త బిల్డ్ ఇచ్చారు, అది బాగా నడిచింది, కుర్రాడు పాత లైబ్రరీ ఫోల్డర్ డిలీట్ చేయబోయాడు. ఆగరా, ముందు ప్రాక్ మీద గ్రెప్ కొట్టు అన్నాను. బిల్లింగ్ రాలేదు గానీ ఇంకో ప్రాసెస్ వచ్చింది, రాత్రుళ్లు బ్యాకప్ తీసే ఏజెంట్. దాని సర్వీస్ ఫైల్ తెరిస్తే అదే ఎల్డీ_లైబ్రరీ_పాత్, కామెంట్ లేదు, తేదీ లేదు. ఎవడు పెట్టాడ్రా ఇది అంటే కాసేపు నసిగి, "నేనే అన్నా, అప్పుడు మీరు నిద్రపోతున్నారని..." అన్నాడు.